అడుగంటిన రుచి

ముప్పై నాలుగు ఊళ్లలో
ముప్పై నాలుగు గోడల మీద
మా నోన్నా ఒకే గరిటె పట్టుకుని నిలబడి ఉంటుంది.
ఫొటో తిరగేసి అచ్చేశారు.
ఎడమచేతి మీది కాలిన మచ్చ
కుడిచేతికి మారింది.
చెబితే పెదనాన్న కొడుకు డెన్నిస్ అన్నాడు:
"ఇప్పుడు మార్చాలంటే ముప్పై నాలుగు ఫ్రేములు, లొరెట్టా."

మెనూ మొదటి పేజీలో ఒక కథ ఉంటుంది.
కొండవాలు, ఆలివ్ తోట,
తల్లి చేతి నుంచి కూతురి చేతికి దిగిన వంట.
ఎర్సీలియా స్కార్డెల్లా పుట్టింది రేవు పక్క సందులో.
ఆమెకు వంట రాదు.
లెక్కలు వచ్చు.

వండేవాడు తాత, ఒరెస్టే.
సమ్మె ఇరవయ్యో రోజున మిల్లు గేటు దగ్గర
తల పగిలి ఆయన ఆసుపత్రిలో పడితే
పొయ్యి ముందుకు నోన్నా వచ్చింది,
అప్పుల పుస్తకంతో సహా.
కూడిక తప్పింది.
మళ్లీ కూడింది.
ఈలోగా సాస్ అడుగంటింది.
కుడిచేతిలో పెన్సిల్ ఉంది కాబట్టి
ఎడమచేత్తో గిన్నె దించింది, గుడ్డయినా లేకుండా.

పారబోద్దామంటే
ఇంట్లో డబ్బు అంతకు ముందే అడుగంటి ఉంది.
పైపైన తేర్చి, చిటికెడు చక్కెర వేసి
వడ్డించేసింది.
స్లొవాక్‌లు, ఐరిష్‌వాళ్లు, అలబామా నుంచి వచ్చిన నల్లజాతివాళ్లు,
మూడు వారాలుగా జీతం మొహం చూడనివాళ్లు,
రొట్టెముక్కతో పళ్లెం తుడుచుకు తిన్నారు.
వారం తర్వాత తాత తలకట్టుతో వచ్చి
చక్కగా వండి పెడితే
"ఇది కాదు, ఆవిడ చేసింది" అన్నారు.

ఆ మాటను తాత చచ్చేదాకా క్షమించలేదు.
రోజూ తనే మాడ్చేవాడు,
గడియారం చూసి, పదకొండు నిమిషాలు,
గొణుక్కుంటూ.

మిల్లులు మూతపడ్డ ఏడు ఊరే అడుగంటింది.
జనం ఎటు పోతే సాస్ అటు పోవాలన్నాడు పెదనాన్న ప్రిమో.
హైవే పక్కన ఒకటి, మాల్ వెనక ఒకటి,
కొలంబస్‌లో మూడు.
గళ్ల బల్లగుడ్డలు ప్లాస్టిక్‌వి అయ్యాయి.
మా ఇంటిపేరుకు దీపాలు పెట్టారు, రాత్రిళ్లు కూడా కనబడేలా.

నా పని సెంట్రల్ కిచెన్‌లో.
రుచి చూసి సంతకం పెడతాను.
అక్కడి స్టీలు బాయిలర్లకు
తమంతట తామే తిరిగే రెక్కలుంటాయి.
అడుగంటదు మేడమ్, ఎన్నటికీ అంటదు,
అన్నాడు వాటిని అమ్మినవాడు.
అందుకని సీసాల్లో పొగ కొంటాం.
ఇంత సాస్‌కు ఇన్ని చుక్కలని పట్టిక ఉంది.
చల్లార్చి సంచుల్లో నింపుతాం.
సంచి మీదా నోన్నాయే, తిరగబడి.

బావుంటుంది.
బావోలేదని నేనెప్పుడూ రాయలేదు.

మహోనింగ్ నది ఒడ్డున, మొట్టమొదటి హోటల్‌కు
నిన్న ఆఖరి రాత్రి.
అద్దె ఎక్కువ, కార్లు పెట్టుకునే చోటు తక్కువ.
ఎనభై దాటిన హ్రుబోవ్‌చాక్ గారు
ఎప్పటి కిటికీ దగ్గరే కూచుని, రెండు ముద్దలు తిని
నన్ను పిలిచారు:
"అమ్మాయ్, ఇవాళ మాడ్చలేదేం?"

ఇవాళేమిటి, పందొమ్మిదేళ్లయింది,
అని చెప్పడానికి నోరు రాలేదు.

వంటింట్లో పైఅటక మీంచి తాత గిన్నె దించాను.
ఆరు సంచులు కత్తిరించి పోశాను.
మంట పెంచాను.
కలపకుండా నిలబడడం ఎంత కష్టమో
ఎవరూ చెప్పలేదు నాకు.
చెయ్యి దానంతటదే గరిటె మీదికి పోతుంది.
జేబులో పెట్టుకున్నాను.
బుడగలు బరువెక్కాయి.
అడుగున ఏదో పట్టుకుంటున్న చప్పుడు,
ఆ వెనకే వాసన.

తొమ్మిదో నిమిషంలో పొగ అలారం మోగింది.
పదో నిమిషంలో ఫోను,
డెన్నిస్‌ది.
ఎక్కడ పొగ లేచినా అతనికి తెలిసిపోతుంది.

తలుపు సందులోంచి హ్రుబోవ్‌చాక్ గారు కనబడుతున్నారు.
చెవులు మూసుకోలేదు.
బుట్టలోంచి రొట్టె తీసి
ముందే తుంచి పెట్టుకుంటున్నారు.

మోగనీ.
ఇంకొక్క నిమిషం.